పరిచయ లేఖ: పటాన్‌చెరు పద్ధతి

పరిచయ లేఖ అంటే ఉద్యోగం అడగకుండా పని అడిగే ఉత్తరం. ఉద్యోగ దరఖాస్తుకు ఒక ప్రకటన ఆధారంగా ఉంటుంది. టెండరుకు నోటీసు ఉంటుంది. పత్రికకు పంపే కథకు కనీసం కథైనా ఉంటుంది. పరిచయ లేఖకు మాత్రం రాసినవాడి అవసరం తప్ప వేరే ఆధారం లేదు. "నేను ఫలానా, ఫలానా రాతపనులు చేసిపెడతాను, అవసరం పడితే పిలవండి" అనే మూడు ముక్కల్ని ఎదుటివాడు చివరిదాకా చదివేలా ఒకే పేజీలో చెప్పడం ఈ ప్రక్రియ లక్షణం. ఏ సంస్థలోనూ చేరకుండా రాతమీద బతకదలచిన ఫ్రీలాన్స్ రచయితకు ఇది మొదటి రచన. చాలామంది విషయంలో ఎక్కువసార్లు తిరగరాసిన రచన కూడా ఇదే.

దీన్ని సిఫారసు ఉత్తరంతో కలపకూడదు. సిఫారసు ఉత్తరం పెద్దమనిషి రాస్తాడు, అవసరమున్నవాడు మోస్తాడు. పరిచయ లేఖలో రాతా మోతా ఒకడివే. తెలుగువాళ్లకు మొదటి పద్ధతే బాగా అలవాటు. ప్రౌఢదేవరాయల కొలువులోకి అడుగుపెట్టడానికి శ్రీనాథుడంతటివాడు కూడా లోపలి పండితుల చేత మాట చెప్పించుకున్నాడని అంటారు. రెండో పద్ధతికి పెద్ద ఉదాహరణ 1934లో సురవరం ప్రతాపరెడ్డి వెలువరించిన గోలకొండ కవుల సంచిక. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులు అందులో ఒక్కసారిగా లోకానికి పరిచయమయ్యారు. అయితే ఆ పరిచయంతో బాయిలర్ నడిపే సూచనలు రాసే పని ఇప్పించమని వాళ్లెవరూ అడగలేదు. ఆ అవసరం తర్వాతి తరాలకు వచ్చింది.

పని ఎక్కడ ఉంటుంది

హైదరాబాద్ నుంచి ముంబై వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ దాటితే పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలవుతుంది. ఆ దారిలోనే ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం వస్తాయి. ఉత్తరంగా బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. పడమరగా పోతే కంది దగ్గర ఐఐటీ, ఆ వెంటనే జిల్లా కేంద్రం సంగారెడ్డి. ఈ మధ్యలో మందుల ముడిసరుకు చేసేవాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చేసేవాళ్లు, ఉక్కు కరిగించేవాళ్లు, అట్టపెట్టెలు చేసేవాళ్లు, ఆ అట్టపెట్టెల మీద వేసే సిరా చేసేవాళ్లు ఉన్నారు.

ఏ ఫ్యాక్టరీ నుంచైనా బయటికి వచ్చేవి మూడు: సరుకు, మురికినీరు, కాగితం. సరుకుకు మార్కెట్ ఉంది. మురికినీటికి 1990ల నుంచి పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంది. కాగితాన్ని శుద్ధి చేసే ఏర్పాటు మాత్రం లేదు. ఫ్రీలాన్స్ రచయిత బతుకుతెరువు ఆ ఖాళీలో ఉంది.

ఆ కాగితం పలురకాలు. మందుల కంపెనీలో ప్రతి పనికీ ఒక ఎస్ఓపీ, అంటే ఆ పని ఎలా చేయాలో రాసిన కాగితం, ఉండాలి. చేతులు కడుక్కోవడానికీ ఉంటుంది, చేతులు కడుక్కున్నట్టు రాసుకోవడానికీ ఉంటుంది. ప్రతి రసాయనానికీ పదహారు విభాగాల భద్రతా పత్రం ఉంటుంది. కొత్త ప్లాంటుకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతుంది. వందల పేజీల ఇంగ్లిషు నివేదిక ఊరివాళ్ల తెలుగులోకి దిగేది ఈ సారాంశంలోనే. లాభాలు ఒక హద్దు దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం అంటుంది. కాబట్టి బడికి ఇచ్చిన బెంచీల గురించి, బెంచీల ఖర్చును మించకుండా, ఒక నివేదిక రాయించాలి. వీటికితోడు ఏ చట్టమూ అడగని కాగితాలున్నాయి. ప్లాంట్ హెడ్ పదవీ విరమణ సభకు సన్మానపత్రం, ఆవరణలోని గుడి వార్షికోత్సవానికి ఆహ్వానపత్రిక, ఎండీ గారు సంక్రాంతికి చెప్పే శుభాకాంక్షలు. గిరాకీ ఎప్పుడూ పడిపోనిది ఈ రకానికే.

ప్రభుత్వరంగ సంస్థల దగ్గర పరిచయ లేఖ పనిచేయదు. బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, భానూరు బీడీఎల్ వంటివి కొనుగోళ్లకు టెండర్లు, పోర్టళ్లు నడుపుతాయి. అక్కడ బాగా రాసేవాడికన్నా తక్కువకు రాసేవాడు ముందుంటాడు. 1972 నుంచి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అంతర్జాతీయ పరిశోధన సంస్థ. కంది మీద, జొన్న మీద అక్కడ ఇంగ్లిషులో రాయగలవాళ్లకు లోటు లేదు. కాబట్టి పరిచయ లేఖకు సరైన క్షేత్రం ప్రైవేటు ఫ్యాక్టరీలు, వాటిలోనూ మధ్యరకంవి. చిన్నవాటికి డబ్బుండదు. పెద్దవాటికి ముంబైలో ఏజెన్సీ ఉంటుంది.

దాచవలసిన సంగతి

ఈ ప్రాంతంలో రాతపనికి కొదవ లేదు, రచయితకే గిట్టుబాటు లేదు. అందుకే లేఖలో మొదట దాచవలసిన సంగతి, రాసినవాడు రచయిత అన్నదే. దీనికి రెండు కారణాలు.

మొదటిది విలేకరి భయం. ఫ్యాక్టరీల మురికినీటికి నక్కవాగు నీళ్లు రంగు మారిన కాలం నుంచి ఇక్కడ కలంతో గేటు దగ్గరికి వచ్చిన మనిషిని విలేకరి అనుకోవడం రివాజు. విలేకరి రెండు పనుల మీదే వస్తాడని గట్టి నమ్మకం. కాలుష్యం గురించి అడగడానికి, లేదా ఆగస్టు 15 ప్రత్యేక సంచికకు ప్రకటన అడగడానికి. మొదటి పని మీద వచ్చినవాడికి మేనేజర్ గారు మీటింగ్‌లో ఉంటారు. రెండో పని మీద వచ్చినవాడికి ఊళ్లోనే ఉండరు.

రెండోది కవి భయం. కవి ప్రమాదకరం కాదు గానీ ఖర్చు. పుస్తకావిష్కరణకు ముఖ్య అతిథిగా పిలుస్తాడు. ముఖ్య అతిథి పుస్తకాలు కొనకుండా లేచిపోతే బాగుండదు. ఉగాది కవి సమ్మేళనానికి చందా అడిగితే కాదనడమూ కష్టమే. రెండు అవార్డులు, మూడు కవితా సంపుటాలు ఉన్నాయని మొదటి పేరాలోనే రాసిన లేఖను హెచ్ఆర్ మేనేజర్ భయభక్తులతో మడిచి లోపల పెడతాడు. అది మళ్లీ బయటికి రాదు.

అనుభవం ఉన్నవాళ్లు లేఖలో "డాక్యుమెంటేషన్" అని రాస్తారు. డాక్యుమెంటేషన్ చేసేవాడిని కూర్చోబెట్టి టీ ఇస్తారు. నిజానికి రచయితా, డాక్యుమెంటేషన్ చేసేవాడూ ఒకే మనిషి, రాసేదీ అదే వాక్యం.

ఎవరికి రాయాలి

కంపెనీ పేరుమీద రాసిన లేఖ ఎవరికీ రాసినట్టు కాదు. అది రిసెప్షన్‌లో ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకుని, అక్కడి నుంచి పదోన్నతి లేకుండా రిటైరవుతుంది. హెచ్ఆర్ వాళ్లకు హాజరు, క్యాంటీన్, బస్సు రూట్లు చాలినంత పని. వాళ్లకు రాతపని అవసరం ఉండదు గనుక రాసేవాడి అవసరమూ అర్థం కాదు. క్వాలిటీ విభాగంలో రాతపని కొండంత ఉంటుంది గానీ బయటివాళ్లను ముట్టుకోనివ్వరు. ఈ లేఖకు అసలు పాఠకుడు భద్రత, పర్యావరణం చూసే అధికారి. ఫ్యాక్టరీ భాషలో ఈహెచ్ఎస్ సార్. ఆయన చదివింది కెమికల్ ఇంజనీరింగ్. తన ఉద్యోగంలో సగం వ్యాసరచన అని ఆయనకు చేరాక తెలుస్తుంది. బడిలో వ్యాసరచన తప్పించుకోవడానికే ఆయన లెక్కల గ్రూపు తీసుకుని ఉంటాడు.

ఆయన పేరు తెలుసుకోవాలంటే ఒకసారి గేటు దాకా వెళ్లక తప్పదు. ఆ గేటు దాటడంకన్నా జైల్లోకి వెళ్లడం తేలిక. సంగారెడ్డి పాత జైలు 1796 నాటిది. దాన్ని మ్యూజియం చేశాక రోజుకు 500 రూపాయలు తీసుకుని సందర్శకులను ఖైదీల్లాగా లోపల ఉండనిచ్చారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర అటువంటి వెసులుబాటు లేదు. అక్కడ ఒక రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను ఉంటాయి. పేరు, ఎక్కడి నుంచి, ఎవరిని కలవాలి, పని, బండి నంబరు, వచ్చిన టైము, పోయిన టైము, సంతకం అని గళ్లు. పై వరుసలో పంపు సీళ్ల కంపెనీ ప్రతినిధి, ఆ పై వరుసలో లారీ డ్రైవరు. ఫ్రీలాన్స్ రచయిత చెయ్యి "ఎక్కడి నుంచి" గడి దగ్గర ఆగుతుంది. అక్కడ జరిగే సంభాషణ దాదాపు ప్రతి గేటు దగ్గరా ఒకటే.

"ఏ కంపెనీ సార్?"

"కంపెనీ లేదు. సొంతంగా రాస్తాను."

"ఏం రాస్తరు?"

"లోపల గోడల మీద సేఫ్టీ బోర్డులు ఉంటాయి కదా, అటువంటివి."

"పెయింటింగ్ పనా? గది సివిలోళ్లు జూస్తరు. ఎనక గేటుకు పోవాలె."

వెనక గేటుకు పోవడం అవమానమేమీ కాదు. కాంట్రాక్టర్లందరూ వచ్చేది ఆ గేటుకే. ఏ ఫ్యాక్టరీలో ఏ ఆఫీసరు మారాడు, ఎక్కడ ఆడిట్ దగ్గరపడింది, ఎవరు బిల్లులు తొందరగా ఇస్తారు అన్న సమాచారం ముందు గేటు దగ్గర దొరకదు. వెనక గేటు ఎదుట టీ బండి దగ్గర దొరుకుతుంది. పేరు తెలిశాక లేఖ ఆ పేరుమీద, ఈమెయిల్‌లో వెళ్లాలి. కాగితం మీద ఇవ్వాలంటే కవరు మీద మనిషి పేరు, హోదా రెండూ ఉండాలి.

లేఖ భాగాలు

విషయం అనే వరుస అన్నిటికన్నా ముఖ్యం, చాలామంది చదివేది అంతవరకే. "రచనా వ్యాసంగంలో నాకున్న అభిరుచి గురించి" అని పెట్టిన లేఖను ఎవరూ తెరవరు. "సేఫ్టీ వీక్‌కు తెలుగు, హిందీ పోస్టర్లు, సూచనలు రాసి ఇవ్వడం గురించి" అని పెడితే తెరిచే అవకాశం ఉంది. జాతీయ భద్రతా దినం మార్చి 4. ఆ వారం ప్రతి ఫ్యాక్టరీలో నినాదాల పోటీ, ప్రతిజ్ఞ, బ్యానరు తప్పవు. ఫిబ్రవరి మొదట్లో ఈ ఉత్తరం అందుకున్న అధికారి దాన్ని దేవుడే పంపాడనుకుంటాడు. మార్చి 5న అందుకుంటే రాసినవాడికి క్యాలెండర్ లేదనుకుంటాడు.

సంబోధన క్లుప్తంగా ఉండాలి. "మహారాజశ్రీ" వద్దు, "హాయ్" వద్దు. పేరు, గారు చాలు.

మొదటి పేరాలో లేఖకుడి జీవితచరిత్ర ఉండకూడదు. ఏ కాగితాలు రాసిపెట్టగలడో, ఎన్నాళ్లలో ఇవ్వగలడో, ఏయే భాషల్లోనో అందులో ఉండాలి. ఇంగ్లిషులో వచ్చిన సూచనను షిఫ్టు ఆపరేటరుకు అర్థమయ్యే తెలుగులోకి, ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన హెల్పరుకు అర్థమయ్యే హిందీలోకి తేగలనని చెబితే చాలు. హిందీ తనకు రాకపోతే వచ్చినవాళ్లతో కలిసి పనిచేస్తానని రాయాలి. రానిది వచ్చని రాస్తే మొదటి బోర్డు దగ్గరే తెలిసిపోతుంది, అది చదివేవాళ్లు గేటు దగ్గరే ఉంటారు.

రెండో పేరాలో నమూనా చూపాలి. నమూనాకు అవతలివాళ్ల ఫ్యాక్టరీ బోర్డునే దిద్ది చూపించడం పెద్ద పొరపాటు, ఆ బోర్డు రాసింది చాలాసార్లు లేఖ చదువుతున్న అధికారే. కల్పించిన బోర్డు మేలు. ఉదాహరణకు, "విధి నిర్వహణ సమయమున కార్మికులెల్లరు వ్యక్తిగత రక్షణ పరికరములను విధిగా ధరించవలయునని ఇందుమూలముగా తెలియజేయడమైనది" అన్నది ఒక పద్ధతి. "గ్లవ్స్, గాగుల్స్ లేకుండా ఈ వాల్వ్ ముట్టుకోవద్దు" అన్నది మరో పద్ధతి. కార్మికుడికి పనికొచ్చేది రెండోది. అధికారికి నచ్చేది మొదటిది, అందులో అక్షరాలు ఎక్కువ, హుందా ఎక్కువ. తెలివైన లేఖకుడు మొదటిదాన్ని పై అధికారులు చూసే ఫైలుకు, రెండోదాన్ని వాల్వ్ పక్కన గోడకు ప్రతిపాదించి ఇద్దరినీ సంతోషపెడతాడు. రెండు పనులకూ బిల్లు వేయవచ్చు.

నవ్వులాట ఎంతున్నా గోడ మీది వాక్యం దగ్గర ఆపాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల పరిశ్రమలో పేలుడు జరిగి పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చినవాళ్లు. నోటీసులు ఇంగ్లిషుతోపాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో కూడా ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఒక్క బోర్డుతో ప్రమాదాలు ఆగిపోవు. అర్థంకాని బోర్డుతో ఎవరికీ మేలు జరగదు. లేఖలో ఈ సంగతి ఒక్క వాక్యంలో, ఉపన్యాసం లేకుండా రాస్తే అధికారి గౌరవిస్తాడు. ఆ గోడల మధ్య రోజూ ఉండేది ఆయనే.

మూడో పేరా రేటు. దీని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. రేటు రాస్తే ఎక్కువంటారు. రాయకపోతే ఉచితమనుకుంటారు. పదానికి ఇంత అని రాస్తే ఇక్కడ లెక్క కుదరదు. పదానికి డబ్బులేమిటని నవ్వుతారు, లేదా పదాలు తగ్గించమంటారు. పేజీకి ఇంత అంటే సంగారెడ్డి కలెక్టరేట్ ఎదుట డీటీపీ సెంటరుతో పోటీ పడాలి. కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణికి వచ్చేవాళ్ల అర్జీలను ఆ సెంటరువాళ్లు జిరాక్స్‌తో కలిపి, చదివి వినిపించి మరీ ఇస్తారు. అందుకే పని మొత్తానికి ఒక ధర అనడమే ఆచరణలో నిలిచింది. ఎన్నిసార్లు దిద్దిస్తారో కూడా ముందే రాసుకోవాలి. రాసుకోకపోతే సన్మానపత్రంలో "కార్యదక్షులు" ముందా "స్నేహశీలి" ముందా అన్న చర్చ సదరు పెద్దమనిషి రిటైరయ్యాక కూడా సాగుతుంది.

ముగింపులో ఫోన్ నంబరు ఉండాలి. "మీ దయకై ఎదురుచూచు" ఉండకూడదు. దయ చూపినవాళ్లు డబ్బు ఇవ్వరు.

జవాబు

పరిచయ లేఖకు అత్యంత సాధారణమైన జవాబు మౌనం. మౌనం అంటే కాదని కాదు. ఆ వారం ఆడిట్ ఉండవచ్చు, కన్వేయర్ ఆగిపోయి ఉండవచ్చు, లేఖ స్పామ్‌లో పడి ఉండవచ్చు. మందుల ఫ్యాక్టరీకి అమెరికా నుంచి తనిఖీదార్లు వచ్చిన రోజుల్లో అక్కడివాళ్లు ఇంట్లోవాళ్లకే జవాబు చెప్పరు. రెండు వారాలాగి, మొదటి లేఖను గుర్తుచేస్తూ నాలుగు వరుసలు రాయడం మర్యాద. నాలుగు రోజులకోసారి గుర్తుచేయడం పంపు సీళ్ల ప్రతినిధి పద్ధతి. ఆయనకు కంపెనీ జీతం ఇస్తుంది కాబట్టి ఆయనకు చెల్లుతుంది.

నోటి జవాబుల్లో తరగతులున్నాయి. "చూసి చెప్తాం" అంటే చూడలేదు. "మళ్ల చెప్తాం" అంటే చూశారు, ఎవరికి చెప్పాలో తెలియడం లేదు. "మీరు ఎక్కడుంటరు?" అంటే ఆసక్తి మొదలైంది. "ఇంతకుముందు ఎవరికి చేసిన్రు?" అంటే సగం పని దొరికినట్టే. "అర్జెంటుగా రేపటికి కావాలె" అంటే పూర్తిగా దొరికింది. రేటు మాట్లాడవలసిన క్షణం కూడా అదే, రేపు సాయంత్రానికి ఆ అర్జెంటు ఉండదు.

పని దొరికాక

లేఖ ఫలించిన తర్వాత రచయిత చేతికి మొదట వచ్చేది కలం కాదు, వెండర్ రిజిస్ట్రేషన్ ఫారం. రసాయనాలు, బేరింగులు, డ్రమ్ములు సరఫరా చేసేవాళ్ల కోసం తయారైన ఫారం అది. ఫ్యాక్టరీ విస్తీర్ణం, యంత్రాల జాబితా, నెలసరి ఉత్పత్తి సామర్థ్యం, కార్మికుల సంఖ్య, గోదాము చిరునామా అడుగుతుంది. యంత్రాలు: ల్యాప్‌టాప్ ఒకటి. కార్మికులు: ఒకరు. గోదాము: అదే ల్యాప్‌టాప్. జీఎస్టీ నంబరు లేదంటే అకౌంట్స్‌వాళ్లు అనుమానంగా చూస్తారు. సేవల ద్వారా ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటనివాళ్లకు మామూలుగా ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చెబితే, అనుమానం పోయి జాలి వస్తుంది.

తర్వాత పర్చేజ్ ఆర్డర్ వస్తుంది. అందులో సరుకు కొలత అనే గడి ఒకటుంటుంది. కిలోలు, లీటర్లు, మీటర్లు, నంబర్లు అన్న నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలి. సాహిత్యాన్ని నంబర్లలో కొనడం ఆనవాయితీ. తిరస్కరించిన సరుకును సరఫరాదారు సొంత ఖర్చుతో వెనక్కి తీసుకుపోవాలని, వారంటీ కాలంలో పగుళ్లు వస్తే మార్చి ఇవ్వాలని కింద షరతులుంటాయి. వాటిమీద సంతకం పెట్టవచ్చు. వాక్యంలో పగుళ్లు వచ్చాయని ఇంతవరకూ ఏ స్టోర్స్ విభాగమూ తేల్చలేదు.

డబ్బు విషయంలో చట్టం రచయిత పక్షానే ఉంది. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదైన సేవాదారుకు, ఒప్పందం ఏదైనా, 45 రోజులు మించకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కూడా కట్టాలి. ఈ సంగతి తెలుసుకుని ఉండడం మంచిది. మొదటి బిల్లుతోపాటే గుర్తుచేస్తే అదే చివరి బిల్లు కావచ్చు. ఇన్‌వాయిస్ కింద నమోదు నంబరు మాత్రం చిన్న అక్షరాల్లో వేసి ఊరుకోవడం మధ్యేమార్గం. అకౌంట్స్‌వాళ్లు చిన్న అక్షరాలే ముందు చదువుతారు.

మొదటి పని సవ్యంగా ఇచ్చినవాడికి ఆ ఫ్యాక్టరీలో ఇక పరిచయ లేఖ అక్కర్లేదు. రెండో ఫ్యాక్టరీలోనూ చాలాసార్లు అక్కర్లేదు, దానికి కారణం ఈ ప్రాంతపు ఉద్యోగాల తీరు. ఇక్కడి కెమిస్టులు, సేఫ్టీ ఆఫీసర్లు జీతం కాస్త పెరిగితే బొల్లారం నుంచి గడ్డపోతారానికి, అక్కడి నుంచి పాశమైలారానికి మారిపోతూ ఉంటారు. మారినప్పుడు వెంట తీసుకుపోయేది లంచ్ బాక్సు, అనుభవ ధ్రువపత్రం, ఫోన్‌లో పనికొచ్చే నంబర్లు. కొత్తచోట మొదటి ఆడిట్ ముందు రోజు ఆ నంబర్లలో ఒకదానికి ఫోన్ వస్తుంది. పాత ఫ్యాక్టరీలో ఆయన కుర్చీలోకి కొత్తగా వచ్చిన అధికారికి మాత్రం రచయిత ఎవరో తెలియదు. ఆయనకు మళ్లీ విషయం దగ్గర నుంచి మొదలుపెట్టి, కొత్త పేరుమీద ఇంకో లేఖ రాయాలి.